పావ్‌పావ్: చలి సీమ వాగుల వెంట సీతాఫలం చుట్టం

అమెరికా తూర్పు సగంలో, ఒహాయో, పొటోమాక్ లాంటి పెద్ద నదుల్లో కలిసే చిన్న చిన్న వాగుల ఒడ్డున, ఎత్తైన చెట్ల నీడలో ఒక పొద గుబురుగా పెరుగుతుంది. దాని ఆకులు జానెడుకు తగ్గవు, కిందికి వాలి ఉంటాయి. నలిపి వాసన చూస్తే పచ్చి క్యాప్సికం గుర్తొస్తుంది. ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా ఆ ఆకుల మాటున కాయలు గుత్తులు గుత్తులుగా మాగి, కొమ్మను కాస్త ఊపితే చాలు నేల రాలతాయి. పైకి పచ్చగా, అక్కడక్కడ నల్ల మచ్చలతో ఏ ఆకర్షణా లేనట్టు కనిపించే ఆ పండును చీలిస్తే లోపల మెత్తని పసుపు గుజ్జు. అరటి, మామిడి, సీతాఫలం మూడూ కలిసిన రుచి. దీని పేరు పావ్‌పావ్. వృక్షశాస్త్రంలో అసిమినా ట్రైలోబా.

బొప్పాయిని కూడా కొన్ని దేశాల్లో పావ్‌పావ్ అంటారు కానీ ఈ రెంటికీ ఏ బంధుత్వమూ లేదు. ఇది సీతాఫలం కుటుంబపు మొక్క. అనోనేసి అని పిలిచే ఆ కుటుంబంలో సుమారు 2,400 జాతులున్నాయి. తెలుగువారికి తెలిసిన సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం ఈ ఇంటివే. పెరట్లో పూస్తే వీధంతా పరిమళించే మనోరంజితం, కాలేజీ ప్రహరీల వెంట నిటారుగా నిలబడే, అందరూ అశోక చెట్టు అనుకునే నరమామిడి కూడా ఇక్కడివే. వీటిలో దాదాపు అన్నీ వేడి దేశాల్లోనే బతుకుతాయి. అసిమినా ప్రజాతి మాత్రం ఉత్తరానికి నడిచింది. ఫ్లోరిడా ఇసుక నేలల్లో దీని జాతులు అనేకం ఉన్నాయి. అవన్నీ మోకాలెత్తు, నడుమెత్తు పొదలు. వాటిలో ఒకటైన అసిమినా టెట్రామెరా ఫ్లోరిడా తూర్పు తీరంలోని రెండు కౌంటీలకే పరిమితమై, 1986 నుంచి అంతరించిపోయే ముప్పున్న మొక్కల జాబితాలో ఉంది. పావ్‌పావ్ వీటన్నిటికంటే దూరం వెళ్లింది. గల్ఫ్ తీరపు తేమ ఉపోష్ణ మండలంలో మొదలై, పడమట టెక్సాస్, నెబ్రాస్కాల తూర్పు అంచుల దాకా, ఉత్తరాన కెనడాలో ఒంటారియో దక్షిణ కొస దాకా పాకింది. మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా తట్టుకుంటుంది. శీతాకాలంలో ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది.

ఇంత దూరం వచ్చినా పుట్టింటి అలవాట్లు వదల్లేదు. పెద్ద ఆకులు, పురుగుల్ని పిలిచే వింత పువ్వు, పెద్ద గింజలు, చేతిలో పట్టుకుంటేనే నలిగిపోయే పండు, ఇవన్నీ వేడి అడవులకు పనికొచ్చే ఏర్పాట్లు. ఈ మొక్క గొప్పదనమూ అక్కడి నుంచే వచ్చింది, దాని కష్టాలన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

వాగు ఒడ్డునే ఎందుకు అన్నదానికి జవాబు నేలలో ఉంది. వరద తెచ్చి పరిచిన ఒండ్రు లోతుగా, సారవంతంగా ఉంటుంది. పావ్‌పావ్‌కు తేమ కావాలి కానీ నీరు నిలిచి వేళ్లు నానిపోకూడదు. వాలు గట్టు మీద ఆ రెండూ కుదురుతాయి. పైనున్న సికమోర్, మేపుల్ లాంటి మహావృక్షాల నీడ లేత మొక్కలకు తప్పనిసరి. మొలకెత్తిన మొదటి ఏడాది, రెండేళ్లు నేరుగా పడే ఎండకు ఇవి తాళలేవు. పెద్దయ్యాక మాత్రం ఎండ తగిలినచోటే విరగకాస్తాయి. అందుకే అడవి లోపలి పొదలకంటే వాగు మలుపుల్లో ఆకాశం తెరుచుకున్నచోట ఉన్నవాటికే కాపు ఎక్కువ. మామూలుగా మూడు నుంచి తొమ్మిది మీటర్ల ఎత్తు పెరుగుతుంది కాబట్టి దీన్ని పొద అన్నా, చిన్న చెట్టు అన్నా తప్పు కాదు.

పావ్‌పావ్ ఒంటరిగా ఉండదు. వేళ్ల నుంచి పిలకలు లేచి, ఏళ్లు గడిచేకొద్దీ గట్టంతా పరుచుకుంటుంది. బయటి నుంచి చూసేవారికి వందల చెట్ల తోపులా కనిపించేది చాలాసార్లు ఒకే మొక్క. ఇక్కడే ఒక చిక్కుముడి పడుతుంది. ఈ జాతిలో చాలా మొక్కలు తమ పుప్పొడితో తామే కాయ కట్టలేవు. జన్యువుల్లో తేడా ఉన్న మరో మొక్క పుప్పొడి కావాలి. తోపంతా ఒకే తల్లి పిలకలైతే, వసంతంలో వేల పువ్వులు పూసినా శరదృతువులో ఒక్క కాయ దొరకకపోవచ్చు. ఫలానా వాగు దగ్గర చెట్లున్నాయి కానీ కాయవు అని ఆ ప్రాంతపు పల్లె జనం చెప్పుకునే మాటకు చాలా చోట్ల ఇదే కారణం.

పువ్వు సంగతి ఇంకా ఆసక్తికరం. మార్చి నుంచి మే మధ్య, ఇంకా ఆకు తొడగని బోడి కొమ్మల మీద, రెండు వరసల్లో ఆరు రేకులతో ముదురు ఎరుపు పువ్వులు తలకిందులుగా వేలాడతాయి. ఆ రంగు పచ్చి మాంసం రంగు. వాసన పులిసిన పిండిది. తేనెటీగలు వీటి జోలికి రావు. ఈగలు, పెంకు పురుగులు మాత్రం కుళ్లిన పదార్థమేదో దొరికిందనుకుని వస్తాయి. పువ్వులో మొదట ఆడ భాగం సిద్ధమవుతుంది. అది వడిలాకే మగ భాగం పుప్పొడి విడుస్తుంది. సీతాఫలం పువ్వుదీ సరిగ్గా ఇదే క్రమం. దాన్ని వెతుక్కుంటూ వచ్చేవీ చిన్న పెంకు పురుగులే. వేడి దేశంలో ఏడాదంతా తిరిగే ఈ పురుగులు ఉత్తరాన చలి ఇంకా వదలని మార్చి, ఏప్రిల్ నెలల్లో అంతగా కదలవు. దాంతో అడవిలో కాయ కట్టే పువ్వులు చాలా తక్కువ. తోటలు వేసినవారిలో కొందరు పూత కాలంలో కొమ్మలకు మాంసం ముక్కలు వేలాడదీసి ఈగల్ని రప్పిస్తారు. ఇంకొందరు మెత్తని కుంచెతో పుప్పొడి తీసుకుని ఒక చెట్టు నుంచి మరో చెట్టు పువ్వుకు అద్దుతారు. వింతగా అనిపించినా రెండూ పనిచేసే పద్ధతులే.

కాయ కట్టే తీరులో చుట్టాలిద్దరి మధ్య ఒక తేడా ఉంది. సీతాఫలం పువ్వులో ఉండే అనేక అండాశయాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఒకే పండుగా మారతాయి. తొక్క మీది ప్రతి కన్నూ ఒక్కో అండాశయపు గుర్తు. పావ్‌పావ్‌లో అండాశయాలు విడివిడిగానే ఉండి దేనికది కాయ అవుతుంది. అందుకే ఒక్క పువ్వు నుంచి రెండు, మూడు, కొన్నిసార్లు తొమ్మిది దాకా కాయలు ఒకే తొడిమకు గుత్తిగా వస్తాయి. పండు పొడవు 5 నుంచి 15 సెంటీమీటర్లు. మంచి రకాల్లో ఒక్కోటి అరకిలోకు దగ్గరగా తూగుతుంది. అమెరికా ప్రధాన భూభాగంలో సహజంగా పుట్టిన తినదగ్గ పండ్లలో ఇంతకంటే పెద్దది లేదు. లోపల రెండు వరసల్లో చిక్కుడు గింజ ఆకారంలో, గోధుమ రంగులో మెరిసే పది, పన్నెండు గింజలు ఉంటాయి. వంద గ్రాముల గుజ్జులో సుమారు 80 కేలరీల శక్తి ఉంటుంది. పొటాషియం, మెగ్నీషియం, విటమిన్ సి కూడా చెప్పుకోదగ్గంత ఉంటాయి.

అంత పెద్ద గింజను మింగి, దూరం మోసుకెళ్లి పారేసే జంతువు నేటి అమెరికా అడవుల్లో దాదాపు లేదు. రకూన్లు, ఒపోసమ్‌లు, నక్కలు, ఎలుగులు పండు తింటాయి. అయినా ఇంత విస్తారమైన వ్యాప్తికి అవి మాత్రమే కారణమని చెప్పడం కష్టం. మంచుయుగం ముగిసేదాకా ఆ ఖండంలో ఏనుగు జాతికి దగ్గరైన మాస్టడాన్లు, భారీ స్లోత్‌లు తిరిగేవి. అవి పండ్లను గింజలతో సహా మింగి మైళ్ల దూరం మోసి ఉంటాయని పలువురు జీవశాస్త్రవేత్తలు భావిస్తారు. పది వేల ఏళ్ల కిందటికల్లా ఆ జంతువులు పోయాయి. ఆ తర్వాత పావ్‌పావ్‌కు దొరికిన వాహకులు మనుషులు, వరద నీళ్లు.

మనుషులు దీన్ని బాగానే ఆదరించారు. ఒహాయో లోయలో బతికిన షానీ అనే స్థానిక తెగ ప్రజల లెక్కలో ఒక చాంద్రమాసానికి ఈ పండు పేరే ఉంది. అది దాదాపు మన భాద్రపద, ఆశ్వయుజాల కాలం. చెక్క కింది నార పొరను ఒలిచి తాళ్లు పేనేవారు, చేపల్ని గుచ్చి మోసుకెళ్లే పగ్గాలు చేసేవారు. ఐరోపావారి రాతల్లో దీని ప్రస్తావన 1540ల నాటి హెర్నాండో డి సోటో దండయాత్ర కథనంలో కనిపిస్తుంది. ఆ గుంపులో ఉన్న ఒక పోర్చుగీసు వ్యక్తి రాయగా 1557లో అచ్చయిన పుస్తకం అది. ఆ తర్వాత 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన మార్క్ కేట్స్‌బీ కరోలినా ప్రకృతి చరిత్ర మీద వేసిన తన బొమ్మల పుస్తకంలో దీనికి చోటిచ్చాడు. 1753లో లిన్నేయస్ దీన్ని సీతాఫలం ప్రజాతిలోనే చేర్చి అనోనా ట్రైలోబా అన్నాడు. 1817లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త డ్యునాల్ అసిమినా కింద వేరు చేశాడు. ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ 1786లో స్వదేశం నుంచి దీని గింజలు తెప్పించుకున్నాడు.

అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం 1806 సెప్టెంబరు 18 నాటి విలియం క్లార్క్ దినచర్య. పసిఫిక్ తీరం దాకా వెళ్లి మిస్సోరి నది మీదుగా తిరిగివస్తున్న లూయిస్, క్లార్క్ బృందం దగ్గర తిండి పూర్తిగా నిండుకుంది. మిగిలిన బిస్కెట్లు పంచుకుంటే మనిషికి ఒకటి చొప్పున వచ్చింది. ఇక మిగిలింది గట్ల మీద మాగిన పావ్‌పావ్‌లే. అవి తింటూ జనం సంతృప్తిగానే ఉన్నారని క్లార్క్ రాసుకున్నాడు. బానిసత్వంలో మగ్గిన నల్లజాతి కుటుంబాలకూ, పారిపోయి అడవుల్లో దాక్కున్నవారికీ ఈ పండు కడుపు నింపింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో అపలాచియన్ కొండ పల్లెల్లో దీన్ని పేదవాడి అరటిపండు అనేవారు. ఊళ్ల పేర్లలోనూ నిలిచిపోయింది. వెస్ట్ వర్జీనియాలో పావ్‌పావ్ అనే ఊరుంది. పొటోమాక్ నదికి అవతల, మేరీలాండ్ వైపు, 1850లో తెరిచిన పావ్‌పావ్ సొరంగం 3,118 అడుగుల పొడవున కొండను తొలుచుకుని సాగుతుంది. అది చెసపీక్, ఒహాయో కాలువ పడవల కోసం కట్టినది. మిషిగన్‌లోనూ ఇదే పేరుతో ఒక ఊరుంది.

ఇంతటి పండు బజారులో ఎందుకు దొరకదు? పూర్తిగా మాగాక గది వేడిలో రెండు, మూడు రోజులకు మించి ఆగదు. ముందే కోసి రవాణా చేద్దామంటే, కాస్త మెత్తబడటం మొదలుకాని కాయ తర్వాత మాగనే మాగదు. మెత్తబడుతున్నప్పుడే కోసి శీతల పెట్టెలో పెడితే మూడు వారాల దాకా నెట్టుకురావచ్చు. తొక్క పల్చన, చిన్న దెబ్బకే నల్లబడుతుంది. సీతాఫలం అమ్మేవారికి ఈ బాధ కొత్త కాదు. మహబూబ్‌నగర్ గుట్టల నుంచి, నల్లమల అంచుల నుంచి గంపల్లో వచ్చే పండ్లు కన్ను విచ్చుకున్నాక ఒకటి రెండు రోజుల్లో అమ్ముడుపోవాల్సిందే. అయితే సీతాఫలం కన్ను విప్పుతున్నప్పుడు కోసి గడ్డిలో మాగవేయవచ్చు. దాని మందపాటి గరుకు తొక్క కొంత కాపాడుతుంది. వారాంతపు సంతలు, రోడ్డు పక్క గంపలు ఇంకా మిగిలి ఉన్నాయి కాబట్టి ఇక్కడ దాని బేరం సాగుతోంది. అమెరికాలో 20వ శతాబ్దం మొదలయ్యేసరికే మధ్య అమెరికా నుంచి ఓడల్లో అరటి గెలలు చవగ్గా దిగాయి. వాగు ఒడ్డుకు నడిచి వెళ్లి పండు ఏరుకునే పల్లె జీవితం పలచబడింది. పెద్ద దుకాణాల అరలకు అందంగా కనిపించి వారాల తరబడి నిలిచే పండు కావాలి. పావ్‌పావ్‌లో ఆ లక్షణాలు రెండూ లేవు. దీన్ని పండు లోపంగా చూడటం అన్యాయం. మారింది మనుషులు పండ్లు కొనే తీరు.

దీన్ని తోట పంటగా మలచాలన్న ఆలోచన పాతదే. 1916లో అమెరికన్ జెనెటిక్ అసోసియేషన్ అత్యుత్తమ పావ్‌పావ్‌కు 50 డాలర్ల బహుమతి ప్రకటించింది. అనేక రాష్ట్రాల నుంచి రెండు వందలకు పైగా నమూనాలు వచ్చాయి. ఒహాయో మహిళ ఒకరు పంపిన పండు గెలిచింది. గెలిచిన చెట్ల నుంచి అంట్లు కట్టి రకాలను స్థిరపరచాలన్నది సంఘం ఉద్దేశం. ఔత్సాహికులు కొందరు తోటలు వేశారు కూడా. కానీ వారి తర్వాత పట్టించుకునేవారు లేక ఆ తోటలు చాలావరకు మరుగున పడ్డాయి.

1975లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో మొక్కల జన్యుశాస్త్రం చదువుతున్న నీల్ పీటర్సన్ మొదటిసారి ఈ పండు రుచి చూశాడు. అడవి కాయే ఇంత బాగుంటే, యాపిల్‌కు దొరికినంత సాధన దీనికీ దొరికితే ఎలా ఉంటుందన్న ప్రశ్న అతన్ని వదల్లేదు. పాత పత్రికలు తిరగేసి, 1916 పోటీ నాటి ఔత్సాహికులు వేసిన తోటల జాడ వెతికి, మిగిలిన చెట్ల గింజలు పోగుచేశాడు. మేరీలాండ్ పరిశోధన క్షేత్రాల్లో వెయ్యికి పైగా మొలకలు పెంచాడు. కాపు వచ్చేదాకా ఏళ్లు ఆగి, ఒక్కో చెట్టు పండు తిని, తూచి, గింజలు లెక్కపెట్టి, చివరికి కొన్నిటినే ఎంచుకున్నాడు. వాటికి స్థానిక తెగల భాషల నుంచి వచ్చిన నదుల పేర్లు పెట్టాడు: షెనండోవా, సస్క్వెహానా, రాపహానక్, పొటోమాక్, వాబాష్, అలెగేనీ. గింజల వాటా తక్కువ, గుజ్జు ఎక్కువ, చివర్లో చేదు తగలని రుచి, ఇవీ అతను చూసిన గుణాలు. ఒక్క మనిషి ఓపిక ఒక పంటకు ఇంత చేయగలిగిన సందర్భాలు ఉద్యాన శాస్త్రంలో అరుదు.

అతని పని పక్కనే ఒక సంస్థ కూడా నిలిచింది. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కెంటకీ స్టేట్ విశ్వవిద్యాలయం, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, 1990 నుంచి పావ్‌పావ్ మీద పరిశోధన సాగిస్తోంది. 1994 నుంచి అమెరికా వ్యవసాయ శాఖ తరఫున అసిమినా జాతుల జన్యు సంపదను భద్రపరిచే కేంద్రం కూడా అదే. అట్‌వుడ్, బెన్సన్, చాపెల్ అనే రకాలు అక్కడి నుంచి వచ్చాయి. ఒహాయోలో ఆల్బనీ దగ్గర స్నోడెన్ సరస్సు ఒడ్డున 1999 నుంచి సెప్టెంబరులో పావ్‌పావ్ ఉత్సవం జరుగుతోంది. 2009లో ఒహాయో దీన్ని తమ రాష్ట్ర స్వదేశీ ఫలంగా ప్రకటించింది. 2019లో మిస్సోరి తమ రాష్ట్ర ఫలవృక్షంగా ఎంచుకుంది. పండుగా అమ్మడం కష్టమైనచోట గుజ్జును గడ్డకట్టించి అమ్మడం దారి చూపింది. ఆ గుజ్జు ఐస్‌క్రీమ్‌కూ బీరుకూ పోతుంది. హైదరాబాద్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ వాడుకలోకి వచ్చిన తీరూ ఇదే. నిలవ ఉండని పండుకు మంచుపెట్టె రెండో ఆయుష్షు పోసింది.

ఆకులో, చెక్కలో, గింజలో అసిటోజెనిన్లు అనే రసాయనాలున్నాయి. పురుగులకు ఇవి విషం. జింకలు కూడా ఆకు ముట్టవు. జింకల సంఖ్య బాగా పెరిగిన అడవుల్లో ఇతర లేత మొక్కలన్నీ మేతకు పోగా పావ్‌పావ్ పొదలు మాత్రం విస్తరిస్తున్నాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జెర్రీ మెక్‌లాఫ్లిన్ బృందం ఈ రసాయనాలను వేరుచేసి చాలాకాలం అధ్యయనం చేసింది. పేలను చంపే షాంపూ కూడా ఈ మొక్క సారంతో తయారైంది. సీతాఫలం గింజల పొడిని తలకు పట్టించి పేలు వదిలించే పల్లె వైద్యం తెలుగునాట ఎప్పటి నుంచో ఉంది. వెనకున్న రసాయనం ఒకే కోవది. ఆ పొడి కంట్లో పడితే తీవ్రంగా దెబ్బతీస్తుంది కాబట్టి జాగ్రత్త తప్పదు.

ఈ విషాన్ని వరంగా మార్చుకున్న జీవి ఒకటుంది. జీబ్రా స్వాలోటెయిల్ అనే నలుపు, తెలుపు చారల సీతాకోకచిలుక గొంగళిపురుగులు అసిమినా ఆకులు తప్ప మరేమీ తినవు. ఆకులోని రసాయనం వాటి ఒంట్లో చేరి పక్షుల నుంచి కాపాడుతుంది. టెనెసీ రాష్ట్ర సీతాకోకచిలుక ఇదే. పావ్‌పావ్ లేని వాగు ఒడ్డున ఇది పుట్టదు. దీనికి దగ్గరి బంధువైన, ఆకుపచ్చ మచ్చల టెయిల్డ్ జే మన దేశంలో సీతాఫలం, నరమామిడి ఆకుల మీద గుడ్లు పెడుతుంది. రెండు ఖండాల్లో ఒకే రెక్కల వంశం ఒకే మొక్కల వంశాన్ని నమ్ముకుంది.

తినేవారికి కూడా ఒక హెచ్చరిక అవసరం. గింజలు, తొక్క తినకూడదు. కొందరికి పండు పడదు. వికారం, వాంతులు కలుగుతాయి. ఎండబెట్టిన గుజ్జుతో ఈ ఇబ్బంది మరింత ఎక్కువగా కనిపించింది. అసిటోజెనిన్లలో ఒకటైన అనోనాసిన్ నాడీకణాలకు హాని చేస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో కనిపించిన ఒక రకం పార్కిన్సన్ లక్షణాలకు, లక్ష్మణఫలం ఎక్కువగా తినడానికి సంబంధం ఉందని 1999లో వైద్యులు ప్రకటించారు. ఆ తర్వాత పావ్‌పావ్ గుజ్జులోనూ అనోనాసిన్ ఉందని తేలింది. కాపు కాలంలో అప్పుడప్పుడు పండు తినడానికీ, ఏళ్ల తరబడి రోజూ ఆకుల కషాయం తాగడానికీ చాలా తేడా ఉంది. క్యాన్సర్‌కు మందంటూ ఈ కుటుంబపు మొక్కల సారాలను సొంతంగా వాడేవారు మాత్రం ఈ విషయాన్ని తప్పక తెలుసుకోవాలి.

ఇప్పుడు ఇటలీ, రుమేనియా, జపాన్, దక్షిణ కొరియాల్లోనూ పావ్‌పావ్ పెంచుతున్నారు. తెలుగు రాష్ట్రాల మైదానాల్లో ఇది కాయడం కష్టం. చలికాలంలో కొన్ని వందల గంటల గట్టి చలి పడితేగాని మొగ్గలు మేల్కోవు. అక్కడ సీతాఫలం ఉండనే ఉంది. వర్జీనియా, నార్త్ కరోలినా, ఒహాయోలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఇది పెరటి మొక్క కాగలదు. గింజతో మొదలుపెట్టేవారు దాన్ని ఎండనివ్వకూడదు. తడి ఆరితే గింజ చచ్చిపోతుంది. తడి గుడ్డలోనో నాచులోనో చుట్టి మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత లోతైన కుండీలో నాటాలి. మొలక ముందు తల్లివేరును కిందికి దింపి, చాలా వారాల తర్వాతే తల పైకెత్తుతుంది. అడవిలోంచి పిలక తవ్వి తెచ్చి నాటితే సొంత వేళ్లు సరిపోక సాధారణంగా చనిపోతుంది. గింజ మొక్క కాపుకు రావడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. అంటు మొక్క మూడు, నాలుగేళ్లలో కాస్తుంది. ఏది ఎంచుకున్నా రెండు వేర్వేరు రకాలు దగ్గర దగ్గరగా ఉండాలి. మొదటి రెండు వేసవులు పైన నీడ కప్పాలి. పూత సమయంలో కుంచె పట్టుకుని కాస్త శ్రమపడితే కాపు గణనీయంగా పెరుగుతుంది.